అమ్మకి సిమెంటు, తమ్ముడికి టైటేనియం

మా ఇంట్లో రెండు తుంటికీళ్ళు మార్పించుకున్నాం. మొదటిది మా అమ్మది, 2022 కార్తీకమాసంలో. రెండోది మా తమ్ముడిది, ఆ మరుసటేడు అధిక శ్రావణంలో. ఇద్దరూ ఇప్పుడు ఎవరి కాళ్ళమీద వాళ్ళు నడుస్తున్నారు. సంతోషించవలసిన మాటే గదా! కాని మా అమ్మకి మాత్రం ఆ ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. కారణం ఏమిటంటే, ఆవిడ కీలుని సిమెంటుతో బిగించారు. తమ్ముడికి సిమెంటు వెయ్యలేదు, టైటేనియం పెట్టారు.

"ముసలిదాన్ని గదా, దీనికి సిమెంటు చాల్లే అనుకున్నారు. ఇంటికి గచ్చు చేయించగా మిగిలిన బస్తా ఉంటే నా కాల్లో పోసినట్టుంది" అంటుంది, చూడ్డానికి వచ్చినవాళ్ళందరితోనూ. వచ్చినవాళ్ళు నావైపు అదోలా చూస్తారు. పెద్దకొడుకుని గదా, డబ్బుకి వెనకాడింది నేనే కాబోలు అని వాళ్ళ అనుమానం.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినవాడికి కన్నతల్లికి ఒక్క పాఠం చెప్పడం ఇంత కష్టమవుతుందని ఎవరనుకుంటారు? ఆవిడకి చెప్పిచెప్పి నోరు నొప్పెట్టింది కనక, ఈమాటు మీకు చెబుతాను.

అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. పెరట్లో ఉసిరిచెట్టు కింద దీపం పెట్టబోయి నాచుమీద కాలుజారి పడింది. తొడ ఎముక పైన, బంతికి కాస్త కింద, మెడలాంటి భాగం ఒకటుంటుంది. అది పుటుక్కుమంది. ఆ వయసులో ఆడవాళ్ళ ఎముక గుల్లబారి, గోడలు పలచబడి ఉంటాయి. విరిగిన బంతిని తీసేసి, ఉక్కు కాడ ఉన్న కొత్త బంతిని తొడ ఎముక గొట్టంలో దింపాలి. సిమెంటు లేకుండా దింపాలంటే ఆ కాడని సుత్తితో కొట్టి బిర్రుగా దిగ్గొట్టాలి. పెళుసెముక ఆ దెబ్బలకి చీలినా చీలుతుంది. సిమెంటయితే పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది, మర్నాటినించి నడిపించవచ్చు. ఆ వయసులో మంచాన పడి ఉండడాన్ని మించిన ప్రమాదం ఇంకోటి లేదు. మా అమ్మ నిజంగానే రెండోనాడు వాకరు పట్టుకుని వార్డంతా తిరిగి, పక్కమంచంవాళ్ళ కోడలి వివరాలు సేకరించుకొచ్చింది.

ఆ సిమెంటు ఇళ్ళు కట్టే సిమెంటు కాదని వేరే చెప్పాలా? అది ఒకరకం ప్లాస్టిక్కు. పంటి డాక్టర్లు వాడుతూ ఉండిన పదార్థం. ఇంగ్లండులో రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జను దాన్ని తుంటికీలుకి పట్టుకొచ్చాడు. ఆయన చెప్పేదేమంటే అది జిగురు కాదు. ఎముకకీ లోహానికీ మధ్య సందులు పూడ్చే కూరు మాత్రమే. గొప్ప పట్టుదల మనిషి. కీలుగిన్నెకి మొదట టెఫ్లాను వాడితే అది అరిగిపోయి రోగులు మళ్ళీ బాధపడ్డారు. ఇంకో ప్లాస్టిక్కు దొరికాక, టెఫ్లాను ముక్కా ఆ కొత్త ముక్కా రెండూ తన తొడలోనే పెట్టించుకుని ఏం జరుగుతుందో చూశాడు. కొత్తది పాలీఎథిలీను. 1962లో దాన్ని రోగులకి పెట్టడం మొదలుపెట్టాడు. ఈనాటికీ తుంటికీళ్ళ గిన్నెల్లో అస్తరు చాలావరకూ దాని సంతతే. ఇంతటి మనిషి వాడిన సిమెంటుని మా అమ్మ గచ్చుసిమెంటు కింద జమకట్టడం నాకు సుతరామూ నచ్చదు.

ఇక మా తమ్ముడి సంగతి. వాడికి నలభై నాలుగేళ్ళు. పౌరోహిత్యం. మా నాన్నగారి దగ్గరే నేర్చుకున్నాడు. 2021లో కరోనా వచ్చి ఊపిరాడని స్థితిలో ఆస్పత్రిలో చేరితే స్టెరాయిడు మందులతో బతికి బయటపడ్డాడు. ఏడాది తిరిగేసరికి గజ్జల్లో నొప్పి. వాతం అనుకున్నారు, తైలాలు రాశారు. చివరికి స్కాను తీస్తే ఎడమ తొడ ఎముక బంతికి రక్తప్రసారం తప్పి, లోపల చచ్చి, గుడ్డుపెంకులాగా నొక్కుకుపోయిందని తేలింది. ప్రాణం నిలిపిన ఆ మందే అందుకు కారణం కావచ్చునన్నాడు డాక్టరు. ఆయన ఆ మందుని తిట్టలేదు, మేమూ తిట్టలేదు. మనిషి ఉంటేగా తుంటి!

వాడికి నొప్పికంటె పెద్ద దిగులు ఒకటుంది. పురోహితుడికి బాసీపట్టు వేసుక్కూచోవడమే సగం ఉద్యోగం. పీటమీద నాలుగేసి గంటలు కూచోలేనివాడు వ్రతం ఏం చేయిస్తాడు, పెళ్ళి ఏం చేయిస్తాడు? ఇద్దరు ఆడపిల్లలు, ఒకత్తె ఇంటరు, రెండోది తొమ్మిది. మా మరదలు నాతో ఆ మాట అనలేదు గాని, వంటింట్లో మా ఆవిడతో అంటూంటే వినబడింది: "నడిస్తే చాలదక్కయ్యా, కూచోవాలి."

నలభై నాలుగేళ్ళవాడు ఇంకా చాలాకాలం నడవాలి, మెట్లెక్కాలి, బరువులు మొయ్యాలి. నడిచేటప్పుడు తుంటికీలుమీద పడేది మన బరువు ఒక్కటే కాదు, కండరాలు లాగే లాగుడుతో కలిపి దానికి రెండున్నర మూడింతలు. ఇన్నేళ్ళ వాడకానికి సిమెంటు బీటలువారి వదులయ్యే భయం ఉంది. అంచేత ఆ వయసువాళ్ళకి ఎముకే తనంతట తాను లోహాన్ని పట్టుకునే పద్ధతి మంచిదని డాక్టర్లు చూస్తారు. అక్కడే వచ్చింది టైటేనియం.

డాక్టరుగారు కుర్రవాడు. నేను వేసే ప్రశ్నలకి విసుక్కోకుండా, సొరుగులోంచి ఒక నమూనా గిన్నె తీసి నా చేతిలో పెట్టాడు. నారింజచిప్పంత ఉంది. లోహమంటే బరువుంటుందనుకుంటామా, తేలిగ్గా ఉంది. ఘన సెంటీమీటరు నాలుగున్నర గ్రాములు, ఉక్కు ఎనిమిదికి దగ్గర. లోపలివైపు నున్నగా ఉంది. బయటివైపు గరుకు, వేలు రాస్తే చర్మం పట్టుకుంటుంది. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూస్తే అది గరుకు కూడా కాదు, కన్నాలు. ఒక కన్నంలోంచి ఇంకో కన్నంలోకి దారి. సముద్రపు ఒడ్డున దొరికే గుల్లరాయిలాగా ఉంది.

"ఈ కన్నాల్లోకి ఎముక పెరుగుతుందండీ" అన్నాడాయన.

ఎముక పెరగడం ఏమిటి అని మా ఆవిడ అడిగింది. ఎముకంటే ఎండుకట్టె అనుకుంటాం గాని అది జీవమున్న పదార్థం. ఒకజాతి కణాలు రోజూ పాత ఎముకని తవ్వుతూంటాయి, ఇంకోజాతి కణాలు కొత్త ఎముక కడుతూంటాయి. ఆ కట్టే కణాలకి రక్తం కావాలి. కన్నం మరీ చిన్నదయితే రక్తనాళం దూరలేదు. మరీ పెద్దదయితే పూడడానికి ఎముక చాలదు. మిల్లీమీటరులో పదోవంతునించి నాలుగు పదోవంతుల దాకా ఉంటే బాగుంటుందని ఎన్నో ప్రయోగాలమీద తేల్చారు. అంటే సుమారు ఒక వెంట్రుక మందంనించి నాలుగైదు వెంట్రుకల మందం దాకా. కన్నాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండడం ముఖ్యం. తలుపులు లేని గదుల్లో ఎవరు కాపరముంటారు?

టైటేనియాన్ని ఎముక ఇంత ఆప్యాయంగా దగ్గరికి తీస్తుందన్న సంగతి ఒక కుందేలు చెప్పింది. స్వీడనులో లుండ్ పట్నంలో పెర్ ఇంగ్వార్ బ్రొనెమార్క్ అనే డాక్టరు 1952లో, ఎముక మూలుగలో రక్తం ఎల్లా ప్రవహిస్తుందో చూద్దామని, కుందేలు కాలి ఎముకలో టైటేనియంతో చేసిన చిన్న కిటికీలాంటి పరికరం బిగించాడు. పని అయిపోయాక తీద్దామంటే అది రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. ఇంకొకడైతే విసుక్కుని ఇంకో కుందేలుని తెచ్చుకునేవాడు. ఈయన "ఎందుకు రాలేదు?" అని కూచున్నాడు. పదమూడేళ్ళ తరవాత, 1965లో, ఆ పట్టునే ఆధారం చేసుకుని ఒక మనిషి దవడలో టైటేనియం మరలు దించి వాటిమీద పళ్ళు నిలబెట్టాడు. ఇవాళ ఊరూరా పళ్ళ డాక్టర్లు పెడుతున్న ఇంప్లాంట్లు అక్కణ్ణించి వచ్చినవే. బ్రొనెమార్క్ 2014లో పోయాడు.

ఈ లోహం పుట్టుపూర్వోత్తరాలు కూడా తమాషాగా ఉంటాయి. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1791లో ఒక వాగులో నల్ల ఇసక చూసి, ఇందులో కొత్త పదార్థమేదో ఉందన్నాడు. నాలుగేళ్ళకి జర్మనీలో క్లాప్రాత్ దానికి గ్రీకుపురాణాల్లోని టైటానుల పేరు పెట్టాడు. అల్లాంటి నల్ల ఇసక చూడ్డానికి మనం కార్న్‌వాల్ వెళ్ళనక్కర్లేదు. భీమిలి ఒడ్డున, శ్రీకాకుళం తీరంలో అల వెనక్కి వెళ్ళినప్పుడు తెల్ల ఇసకమీద కాటుక గీసినట్టు నల్లచారలు కనిపిస్తాయే, అందులో ఇల్మనైట్ ఉంటుంది. ఇనుమూ టైటేనియమూ ప్రాణవాయువూ కలిసిన ఖనిజం అది. చిన్నప్పుడు మేము కాళ్ళు కాల్చుకుంటూ తొక్కిన ఇసకే!

ఇసక ఉంది గదా అని లోహం తేలిగ్గా రాదు. టైటేనియానికి ప్రాణవాయువంటే వల్లమాలిన ప్రేమ, వదలదు. ఇనుము కరిగించినట్టు బొగ్గుతో కరిగిస్తే రాదు. లక్సెంబర్గ్‌వాడు విలియం క్రోల్ మెగ్నీషియంతో దాన్ని విడదీసే దారి కనిపెట్టాక, ఇరవయ్యో శతాబ్దం మధ్యలోగాని పరిశ్రమగా నిలవలేదు. ఆ పద్ధతిలో వచ్చే లోహం మొదట స్పంజిలా ఉంటుంది. దాని వ్యాపారనామం కూడా స్పంజే. దాన్ని కరిగించి దిమ్మలు పోస్తారు. మన దేశంలో ఈ స్పంజి తయారుచేసే ఫ్యాక్టరీ కేరళలో చవరలో 2011లో మొదలైంది. దాని విద్య హైదరాబాదులో కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణశాఖ లోహ పరిశోధనశాలది. ఆ పక్కనే ఉన్న మిధానీ ఫ్యాక్టరీలో టైటేనియం మిశ్రమాలు తయారవుతాయి. రాకెట్లకీ, విమానాలకీ, ఎముకలకీ కూడా. ఎముకలకి ఎక్కువగా వాడేదాంట్లో ఆరుపాళ్ళు అల్యూమినియం, నాలుగుపాళ్ళు వెనేడియం కలుస్తాయి.

ఆ ప్రాణవాయువు ప్రేమే ఇక్కడ మనకి ఉపకారం చేసింది. గాలి సోకిన మరుక్షణం టైటేనియం ఒంటిమీద కంటికి కనపడనంత పలచని పొర ఏర్పడుతుంది. తుప్పులాంటిదే గాని రాలిపోయే తుప్పు కాదు, అంటిపెట్టుకునుండే కవచం. గీసుకుపోతే మళ్ళీ తనే కప్పుకుంటుంది. ఎముక ముట్టుకునేది ఆ పొరని. లోపలి లోహం రక్తంలోకి పెద్దగా జారదు, ఒళ్ళు దాన్ని పరాయిదని గెంటదు.

మరయితే కన్నాలెందుకు, నున్నటి లోహానికీ ఎముక అతుక్కుంటుంది గదా అని నేనడిగాను. సైన్సు మేష్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది? దానికి రెండు జవాబులు. ఒకటి, కన్నంలోకి ఎముక పెరిగితే పట్టు పైపైన కాదు, వేళ్ళలో వేళ్ళు దూర్చి పట్టుకున్నట్టు ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. బెర్లినులో జూలియస్ వోల్ఫ్ అనే డాక్టరు 1892లో ఒక సూత్రం రాశాడు: ఎముక తనమీద పడే బరువునిబట్టి తన్ను తాను మార్చుకుంటుంది. పని ఉన్నచోట చిక్కబడుతుంది, పనిలేనిచోట పలచబడుతుంది. అంతరిక్షంలో నెలల తరబడి తేలుతూ ఉండేవాళ్ళకి తుంటి దగ్గర ఎముక నెలకి నూటికి ఒకపాలో ఒకటిన్నరో తరిగిపోతుందట. ఇప్పుడు ఆలోచించండి. గట్టి లోహాన్ని ఎముక పక్కన పెడితే బరువంతా లోహమే మోస్తుంది. ఎముక ఖాళీగా కూచుంటుంది, కూచుని కరిగిపోతుంది. వంగకుండా నిలిచే బిగువులో ఉక్కు మన గట్టి ఎముకకి సుమారు పదింతలు, టైటేనియం అయిదారింతలు. కన్నాలు చేస్తే ఆ బిగువు తగ్గుతుంది. సగానికి పైగా గాలే ఉన్న టైటేనియం ఎముకకి వియ్యమందేటంత మెత్తనవుతుంది. ఇంట్లో అన్నిపనులూ తనే చేసేసి కోడల్ని పనికిరానిదాన్ని చేసే అత్తగారిలా కాకుండా, సగం పని వదిలిపెడుతుందన్నమాట. (ఈ ఉపమానం మా అమ్మ ముందు వాడలేదు.)

కన్నాలు ఎల్లా చేస్తారో కూడా చెప్పాలి. మొదట్లో లోహపు పూసలని గిన్నెమీద అంటించి, కరగకుండా ఒకదానికొకటి అతుక్కునేదాకా కాల్చేవారు. అచ్చంగా బూందీలడ్డే, పూసకీ పూసకీ మధ్య ఖాళీలు మిగులుతాయి. తరవాత సన్నటి టైటేనియం తీగల్ని కొబ్బరిపీచులా నొక్కి అతికించారు. ఇంకో పద్ధతిలో మండే వాయువుతో లోహపు పొడిని చిమ్ముతారు, గోడకి గరుకుపూత చల్లినట్టు. ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. అన్నిటికంటె నాకు ముచ్చటగా అనిపించింది మాత్రం కొత్త పద్ధతి. గాలి తీసేసిన పెట్టెలో టైటేనియం పొడిని వెంట్రుకమందం పొరగా పరుస్తారు. దానిమీద ఎలక్ట్రాను కిరణం ముగ్గు వేస్తుంది. ముగ్గు పడ్డచోట పొడి కరిగి గట్టిపడుతుంది. మళ్ళీ ఒక పొర, మళ్ళీ ముగ్గు. వందలకొద్దీ ముగ్గులు ఒకదానిమీద ఒకటి పేర్చితే గిన్నె తయారవుతుంది; మిగిలిన పొడిని ఊది తీసేస్తారు. ఎక్కడ ఎంత కన్నం ఉండాలో అంతే. ఈ రకం గిన్నెని ఇటలీలో 2007లో మొదటిసారి మనిషికి పెట్టారు. కిరణానికి బదులు లేజరు వాడేవాళ్ళూ ఉన్నారు.

దీనికి దోషాలు లేవని కాదు. కన్నాలున్న లోహానికి బలం తక్కువ. లక్షలసార్లు వంగి లేస్తూంటే సన్నటి కొమ్మల దగ్గర బీట పుడుతుంది. అందుకని తొడలో దిగే కాడ నడిమి భాగం గట్టి లోహంగానే ఉంచి, పైభాగంలో పైపూత మాత్రమే గుల్లగా చేస్తారు. టైటేనియం రాపిడికి ఆగదు కనక బంతి దాంతో చెయ్యరు. మా తమ్ముడికి పెట్టిన బంతి పింగాణీజాతిది, గిన్నెలో అస్తరు పాలీఎథిలీను. ఎప్పుడైనా చీము పట్టి తీసెయ్యవలసి వస్తే, ఎముక వేళ్ళు దూర్చి పట్టుకున్నదాన్ని ఊడదియ్యడం మహాకష్టం. ఖరీదు సంగతి సరేసరి. ఆ ఏటి కౌలు డబ్బంతా అందులోకే వెళ్ళింది.

ముహూర్తం మా తమ్ముడే పెట్టుకున్నాడు. 2023లో అధిక శ్రావణం వచ్చింది గదా, ఎల్లాగూ పెళ్ళిళ్ళుండవు, అప్పుడే కానిద్దామన్నాడు. అధికమాసంలో ఇల్లాంటి పనులేమిట్రా అని అమ్మ గోల పెట్టింది. "చికిత్సకి అధికమాసం అడ్డురాదమ్మా" అని వాడు పంచాంగకర్తలా చెప్పేశాడు.

ఆపరేషను గంటన్నర. అసలు పరీక్ష ఆ తరవాత. సిమెంటు పావుగంటలో బిగుస్తుంది. ఎముక పెరగడానికి వారాలు, నెలలు. ఈలోగా గిన్నె ఎముకలో కదలకూడదు. కదలికంటే మీరూ నేనూ అనుకునే కదలిక కాదు. మిల్లీమీటరులో ఏడోవంతు, రెండు వెంట్రుకల మందం చలించినా చాలు, అక్కడ ఎముకకి బదులు పీచులాంటి కండ పెరిగి, గిన్నె ఎప్పటికీ పట్టు దొరకక ఊగుతూనే ఉంటుంది. ఆరువారాలు చంకకర్రలు, ఆ కాలుమీద సగం బరువే అన్నాడు డాక్టరు.

ఆ ఆరువారాలూ మా ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నట్టు గుర్తు. కళ్ళెదట గాయం ఉంటే మానుతోందో లేదో చూసుకోవచ్చు. లోపల ఎముక కన్నంలోకి దూరుతోందో లేదో ఎవరు చెప్పగలరు? వాడు అర్ధరాత్రి లేచి కూచుని, "అన్నయ్యా, లోపల కటుక్కుమన్నట్టుంది" అనేవాడు. నేను "ఏం లేదు, పడుకో" అనేవాణ్ణి. నాకు మాత్రం ఏం తెలుసు? నిజ శ్రావణం వచ్చింది. వరలక్ష్మీవ్రతంనాడు వాడికి పదిళ్ళు ఉండేవి. ఆ రోజు పొద్దున్నే స్నానంచేసి, విభూతి పెట్టుకుని, వీధి అరుగుమీద కుర్చీలో కూచుని, మన వీధిలోకి వచ్చిన వేరే పురోహితుణ్ణి చూస్తూ ఉండిపోయాడు. మా మరదలు ఆ పూట కూర మాడబెట్టింది.

మా అమ్మ మాత్రం చేతులు ముడుచుక్కూచోలేదు. గోడవార నల్లేరు తీగ కోయించి రోజూ పచ్చడి. విరిగిన ఎముకలకి నల్లేరు మంచిదని ఆవిడ అమ్మమ్మ చెప్పిందట. డాక్టరుకి చెబితే నవ్వి, "తిననివ్వండి మామ్మగారూ, కాని కర్రలు మాత్రం మానెయ్యనివ్వకండి" అన్నాడు. తను సిమెంటుదాన్నన్న మాట ఆ ఆరువారాలూ ఆవిడ నోటివెంట రాలేదు.

దసరాలకి మూడోనెల ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి వేలితో గిన్నె అంచు చుట్టూ రాసుకుంటూ పోయాడు. లోహానికీ ఎముకకీ మధ్య నల్లగీత కనిపిస్తే పీచుకండ పెరిగిందని అనుమానించాలి. గీత లేదు. తెల్లటి ఎముక లోహందాకా వచ్చి ఆనుకుని ఉంది. "పట్టింది" అన్నాడు. ఆ ఒక్క మాట. తమ్ముడు చొక్కా గుండీలు పెట్టుకోవడం మరిచిపోయి అల్లాగే బయటికొచ్చాడు.

కాని బాసీపట్టు సంగతి అడిగితే డాక్టరు తల అడ్డంగా తిప్పాడు. ఎముక పట్టినా బంతి బంతే. కిందికి బాగా వంగి కాళ్ళు మడిచి కూచుంటే గిన్నెలోంచి తప్పుకునే ప్రమాదం ఉంది, ఎత్తు పీటే శరణ్యం అన్నాడు. పురోహితుడు కుర్చీమీద కూచుని మంత్రం చెబితే ఊరు ఊరుకుంటుందా అని వారంరోజులు చర్చ. మా నాన్నగారి శిష్యుల్లో పెద్దాయన ఒకరు వచ్చి, పెద్దవాళ్ళు ఆపదలో ఎన్నో సడలింపులు చెప్పారు, మనసు కింద కూచుంటే చాలునోయ్ అని ధైర్యం చెప్పి వెళ్ళారు.

ఆ కార్తీకంలో మొదటి పెళ్ళి ఒప్పుకున్నాడు. ఈ రోజుల్లో పెళ్ళిమండపాలు నడుమెత్తు ఉంటున్నాయి గదా; అరుగుమీద పీటలు, కింద నేలమీద మా తమ్ముడి కుర్చీ. లెక్క సరిగ్గా సరిపోయింది, హోమం వాడి చేతికందేటట్టుంది. మొగపెళ్ళివారిలో ఒకాయన ఏదో గొణిగాడు. ఇంతలో పెళ్ళికూతురి నాయనమ్మ "నాకూ ఒక కుర్చీ వెయ్యండి నాయనా, మోకాళ్ళు" అంది. ఆవిడకి వేశారు. ఆ గొణిగినాయన కాసేపు అటూ ఇటూ చూసి, తనూ ఒకటి తెచ్చుకున్నాడు.